సైకిలుకు గేర్లు ఎందుకు? వాటిని వాడుకొనే పద్ధతి ఏమి?

సైకిలు లేని ఊరు తెలుగునాట అరుదు. పాలబిందెలను, గడ్డిమోపులను, పుస్తకాల సంచులను మోసిన ఈ వాహనం చాలాకాలంపాటు ఒకే రూపంలో ఉండిపోయింది. పెడళ్ళ దగ్గర ఒక పెద్ద పళ్ళచక్రం, వెనుక చక్రానికి ఒక చిన్న పళ్ళచక్రం, ఆ రెండింటినీ కలిపే ఒక గొలుసు. నిర్మాణం ఇంతే. ఇటీవలి సంవత్సరాలలో రోడ్ బైకు అనే మరొక రకం సైకిలు కూడా మన వీధులలో కనిపిస్తున్నది. దీని హాండిలు పొట్టేలు కొమ్ములవలె క్రిందికి వంగి ఉంటుంది. టైర్లు సన్నగా ఉంటవి. ముందు రెండు పళ్ళచక్రాలు, వెనుక ఎనిమిదో, పదో, అంతకంటే ఎక్కువో పళ్ళచక్రాలు ఉంటవి. గొలుసును ఒక దానిమీదినుంచి మరొకదానిమీదికి మార్చే మీటలు బ్రేకులతో కలిసి చేతివ్రేళ్ళకు అందేచోట ఉంటవి.

ఇటువంటి సైకిలును క్రొత్తగా కొన్నవారు తరచుగా రెండు తప్పులలో ఒకటి చేస్తారు. కొందరు మీటలను తాకడానికే జంకి, ఏదో ఒక గేరులో ఉంచి, మిట్టా పల్లం అన్నీ దానితోనే తొక్కుతారు. మరికొందరు కాళ్ళు బిగుసుకొనిపోయినాక, మిట్ట నడుమ, పెడలుమీద బరువంతా వేసి, అప్పుడు మీట నొక్కుతారు. గొలుసు కీచుమని జారుతుంది, లేదా ఊడిపోతుంది. సైకిలు నిలిచిపోతుంది. వెనుక లారీ వస్తున్న రోడ్డుమీద ఇది చిన్న విషయం కాదు. మొదటి తప్పు చేసినవారికి రోడ్డుమీద ప్రమాదం తక్కువేకాని, కొన్ని వారాలకు మోకాళ్ళు నొప్పి పెట్టవచ్చు. గేరు అంటే ఏమో, అది ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలిస్తే ఈ రెండు తప్పులూ తొలగిపోతవి. అందుకు ఉన్నత పాఠశాలలో నేర్చిన గణితం, భౌతికశాస్త్రం చాలు.

పళ్ళ లెక్క

వాడుకలో ఉన్న ఒక రోడ్ బైకును ఉదాహరణగా తీసుకొందాము. దాని ముందు చక్రాలకు 50, 34 పళ్ళు ఉన్నవి. వెనుక ఎనిమిది చక్రాలకు వరుసగా 11, 13, 15, 17, 19, 21, 24, 28 పళ్ళు ఉన్నవి. టైరు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు.

పెడలు ఒక చుట్టు తిరిగితే ముందు చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. దానికి 50 పళ్ళు ఉంటే గొలుసు 50 లంకెలమేర కదులుతుంది. వెనుక 25 పళ్ళ చక్రం ఉన్నదనుకుంటే అది రెండు చుట్లు తిరగాలి. అంటే, ముందు పళ్ళ సంఖ్యను వెనుక పళ్ళ సంఖ్యతో భాగిస్తే వచ్చేదే గేరు నిష్పత్తి. ఆ నిష్పత్తిని టైరు చుట్టుకొలతతో గుణిస్తే, ఒక తొక్కుడు చుట్టుకు సైకిలు ఎంత దూరం పోతుందో తెలుస్తుంది.

ముందు 50, వెనుక 11 ఉంటే నిష్పత్తి 4.55. దూరం సుమారు 9.5 మీటర్లు.
ముందు 50, వెనుక 19 ఉంటే నిష్పత్తి 2.63. దూరం 5.5 మీటర్లు.
ముందు 34, వెనుక 17 ఉంటే నిష్పత్తి 2. దూరం 4.2 మీటర్లు.
ముందు 34, వెనుక 28 ఉంటే నిష్పత్తి 1.21. దూరం 2.55 మీటర్లు.

ఒకే కాలు, ఒకే పెడలు, ఒకే చుట్టు. అయినా ఒక గేరులో తొమ్మిదిన్నర మీటర్లు, మరొక గేరులో రెండున్నర మీటర్లు. మొదటిదానిని పెద్ద గేరు లేదా బరువు గేరు అనీ, రెండవదానిని చిన్న గేరు లేదా తేలిక గేరు అనీ వ్యవహరిస్తారు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ముందు చక్రం పెద్దదైతే గేరు బరువెక్కుతుంది. వెనుక చక్రం పెద్దదైతే గేరు తేలికవుతుంది. క్రొత్తవారిని తికమక పెట్టేది ముఖ్యంగా ఇదే.

రెండు చక్రాలను ఎనిమిదితో గుణించి పదహారు గేర్లు ఉన్నవంటారు. లెక్క వేసి చూస్తే అన్నీ వేరువేరు కావు. ముందు 50, వెనుక 28 నిష్పత్తి 1.79. ముందు 34, వెనుక 19 నిష్పత్తి కూడా 1.79. అదే విధంగా 50, 19ల నిష్పత్తి, 34, 13ల నిష్పత్తి దాదాపు సమానం. కనుక పదహారు గేర్లను కంఠస్థం చేయవలసిన పని లేదు. చదునుకు, పల్లానికి ముందు పెద్ద చక్రం; మిట్టకు ముందు చిన్న చక్రం; ఆ రెండింటిలోనూ చిన్న సవరణలకు వెనుక చక్రాలు. ఇంత గుర్తుంటే చాలు.

గేరు శ్రమను తగ్గిస్తుందా?

తేలిక గేరులో తొక్కితే పని తగ్గుతుందని చాలామంది అనుకొంటారు. పని తగ్గదు. శక్తి నిత్యత్వ నియమాన్ని ఏ పళ్ళచక్రమూ తప్పించలేదు. మనిషి, సైకిలు కలిసి 75 కిలోగ్రాములు ఉన్నారనుకొందాము. రోడ్డు ప్రతి 100 మీటర్లకు 6 మీటర్లు ఎత్తుకు లేస్తున్నదనుకొందాము. విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు పోయే ఘాట్ రోడ్డు వంటి కొండదారులలో ఇటువంటి మిట్టలు మామూలే. అప్పుడు భూమ్యాకర్షణ సైకిలును వెనుకకు లాగే బలం 75ను 9.8తోనూ, 0.06తోనూ గుణిస్తే వస్తుంది. అది సుమారు 44 న్యూటన్లు. గాలి నిరోధాన్ని, టైరు ఘర్షణను ప్రస్తుతానికి వదలివేయవచ్చు.

ఈ మిట్టను గంటకు 9 కిలోమీటర్ల వేగంతో, అంటే నిమిషానికి 150 మీటర్ల చొప్పున ఎక్కాలి. దీనికి కావలసిన సామర్థ్యం 110 వాట్లు. ఏ గేరులో ఎక్కినా ఇది మారదు. మారేది ఆ సామర్థ్యాన్ని కాళ్ళు చెల్లించే తీరు.

ముందు 50, వెనుక 15 పళ్ళ చక్రాలతో ఎక్కితే ఒక చుట్టుకు 7 మీటర్లు. నిమిషానికి 21 చుట్లు చాలు. కాని ఒక్కొక్క చుట్టుకు చేయవలసిన పని 309 జౌళ్ళు. పెడలు క్రాంకు పొడవు 17 సెంటీమీటర్లు అనుకొంటే, పెడలు తిరిగే వృత్తం చుట్టుకొలత 1.07 మీటర్లు. కనుక పెడలుమీద సగటున 289 న్యూటన్ల బలం, అంటే దాదాపు 29 కిలోల బరువు, ఎడతెగక వేయాలి.

ముందు 34, వెనుక 28 పళ్ళ చక్రాలతో ఎక్కితే ఒక చుట్టుకు 2.55 మీటర్లు. నిమిషానికి 59 చుట్లు తిప్పాలి. ఒక్కొక్క చుట్టుకు పని 112 జౌళ్ళు. పెడలుమీద సగటు బలం 105 న్యూటన్లు, అంటే పదకొండు కిలోల లోపు బరువు.

ఇవి సగటు లెక్కలు. పెడలు పైన, క్రింద ఉన్నప్పుడు కాలు దాదాపు ఏమీ తొయ్యలేదు. ముందుకు అడ్డంగా ఉన్నప్పుడే బలమంతా పడుతుంది. కనుక ఆ క్షణంలో పడే బలం సగటుకంటే చాలా ఎక్కువ. మొదటి గేరులో ఎక్కేవాడు సీటుమీదినుంచి లేచి, ఒంటి బరువంతా పెడలుమీద మోపవలసి వచ్చేది ఇందువల్లనే. బస్తాడు బియ్యాన్ని ఒక్కసారిగా అటకమీదికి ఎత్తడానికీ, తవ్వతో కొలిచి కొంచెం కొంచెంగా పైకి అందించడానికీ ఉన్న తేడాయే ఈ రెండు గేర్లకూ ఉన్నది. పైకి చేరే బియ్యం రెండు విధాలా ఒకటే. నడుము పట్టేసేది మాత్రం మొదటి పద్ధతిలోనే.

కండరం అనే యంత్రం

పని ఒకటే అయినప్పుడు, ఒక విధంగా చేస్తే అలసట ఎక్కువ, మరొక విధంగా చేస్తే తక్కువ ఎందుకు? జవాబు కండరాల స్వభావంలో ఉన్నది. కండరం ఎంత వేగంగా ముడుచుకొంటే అది చూపగల బలం అంత తగ్గుతుంది. ఈ సంబంధాన్ని ఇంగ్లండులో ఆర్చిబాల్డ్ వివియన్ హిల్ అనే శాస్త్రజ్ఞుడు 1938లో సమీకరణంగా ప్రకటించినాడు. కండరాలలో ఉష్ణం పుట్టే విధాన్ని గురించి చేసిన పరిశోధనలకు ఆయన 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని పంచుకొన్నాడు. ఆ సమీకరణం ప్రకారం, కదలని గోడను తోసే కండరం గొప్ప బలం చూపవచ్చు, కాని దాని సామర్థ్యం సున్న. ఏ బరువూ లేకుండా అతి వేగంగా ముడుచుకొనే కండరం సామర్థ్యమూ సున్నయే. ఈ రెండింటి నడుమ, గరిష్ఠ వేగంలో సుమారు మూడవ వంతు దగ్గర, కండరం అత్యధిక సామర్థ్యాన్ని ఇస్తుంది.

కనుక మనిషి కాలు కొంత పరిధిలో మాత్రమే చక్కగా పనిచేసే ఇంజను. అనుభవం ఉన్న సైకిలిస్టులు చదునునేలమీద నిమిషానికి 80 నుంచి 100 చుట్ల వరకు తొక్కుతారు. క్రొత్తవారికి 60, 70 చుట్లు సహజంగా ఉంటవి. రోడ్డు మారుతుంది, గాలి మారుతుంది, మోసే బరువు మారుతుంది. మారకుండా ఉంచవలసినది కాళ్ళ లయ. ఆ లయను నిలపడమే గేర్ల ప్రయోజనం. వేగం పెంచడానికి గేర్లు ఉన్నవనుకోవడం పొరపాటు.

మరొక సంగతి కూడా ఉన్నది. కండరం బలంగా బిగుసుకొన్నప్పుడు దానిలోని సన్నని రక్తనాళాలు నొక్కుకొనిపోయి, ప్రాణవాయువు అందడం తగ్గుతుంది. తేలికగా, త్వరత్వరగా తిప్పే కాలికి ప్రతి చుట్టులోనూ రక్తం ప్రవహించే విరామం దొరుకుతుంది. ఇక మోకాలు. బరువు గేరును నెమ్మదిగా తొక్కేటప్పుడు మోకాలిచిప్ప దాని వెనుకనున్న ఎముకపై గట్టిగా ఒత్తుకొంటుంది. ఇంకా ఎదుగుతున్న వయసులో ఉన్న విద్యార్థులు బరువు గేరుతో మిట్టలెక్కి బలం చూపాలనుకోవడం మంచిది కాదు. అయితే మితిమీరిన వేగమూ పనికిరాదు. నిమిషానికి 110, 120 చుట్లు తిప్పితే కాళ్ళను కదిలించడానికే శక్తి ఖర్చవుతుంది. అలవాటు లేనివారు సీటుమీద ఎగిరెగిరి పడతారు.

కొంత చరిత్ర

గొలుసు సైకిళ్ళు రాకముందు పెడళ్ళను ముందు చక్రపు ఇరుసుకే బిగించేవారు. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేది. ఎక్కువ దూరం పోవాలంటే చక్రాన్నే పెద్దది చేయాలి. అందువల్ల మనిషి భుజాల ఎత్తు చక్రం ఉన్న సైకిళ్ళు పుట్టినవి. కాలి పొడవును మించి చక్రం పెంచడానికి వీలు లేదు. పైనుంచి పడితే తల పగిలేది. 1880లో హాన్స్ రెనాల్డ్ రోలరు గొలుసును కనిపెట్టినాడు. 1885లో జాన్ కెంప్ స్టార్లే రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండి, గొలుసుతో వెనుక చక్రాన్ని తిప్పే రోవర్ సైకిలును తయారుచేసినాడు. అప్పటినుంచి గేరు నిష్పత్తికీ, చక్రపు పరిమాణానికీ సంబంధం తెగిపోయినది.

నిష్పత్తిని మార్చవచ్చునని తెలిసినాక, ప్రయాణం నడుమ ఎందుకు మార్చరాదనే ప్రశ్న వచ్చింది. ఫ్రాన్సులో సెంటెతియెన్ నగరవాసి పాల్ ద వివీ (1853–1930) దీనికోసం జీవితాంతం వాదించినాడు. వెలోసియో అనే కలంపేరుతో ఆయన పత్రిక నడిపి, చుట్టుప్రక్కల కొండదారులలో తానే తొక్కి చూపి, పలు గేర్ల ఉపయోగాన్ని ప్రచారం చేసినాడు. ఇంగ్లండులో 1900 తరువాతి తొలి సంవత్సరాలలోనే స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్బు వాడుకలోకి వచ్చింది.

కాని పందెపు నిర్వాహకులు తొందరగా అంగీకరించలేదు. గేర్లు మార్చుకొనేవాడు కండబలం లేనివాడనే భావం వారిలో ఉండేది. 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్ పందెంలో డిరెయిలరు అనే గొలుసు మార్చే సాధనాన్ని 1937 వరకు అనుమతించలేదు. అంతవరకు పందెగాళ్ళు వెనుక చక్రానికి రెండువైపులా రెండు పళ్ళచక్రాలు బిగించుకొని, కొండ మొదట్లో దిగి, చక్రాన్ని విప్పి, త్రిప్పి బిగించుకొనేవారు. ఇటలీ పందెగాడు టుల్లియో కంపాన్యోలో 1927లో మంచు కురిసే కొండమీద, కొయ్యబారిన వ్రేళ్ళతో చక్రపు మరలను విప్పలేక పోయినాడని చెబుతారు. తరువాత ఆయన, ఒక మీట త్రిప్పితే చక్రం ఊడివచ్చే సాధనాన్ని కనిపెట్టి, 1930లో పేటెంటు పొందినాడు. నేటి రోడ్ బైకులలో చాలావాటికి ఆ మీట ఉన్నది.

చాలాకాలం గేరు మీట నున్నగా జరిగేది. గొలుసు సరిగా కూర్చున్నదా లేదా అని చెవితో వినే తెలుసుకోవాలి. 1984లో జపాను కంపెనీ షిమానో, నొక్కినప్పుడల్లా టిక్కుమని సరిగా ఒక చక్రం మేర మాత్రమే జరిగే మీటను తన డ్యూరా ఏస్ సామగ్రిలో ప్రవేశపెట్టింది. 1990లో ఆ మీట బ్రేకు మీటతో కలిసిపోయినది. హాండిలుమీదినుంచి చెయ్యి తీయకుండా గేరు మార్చడం దీనితో సాధ్యమయింది.

గొలుసు చక్రం మారే విధం

వెనుక చక్రం క్రింద వ్రేలాడే సాధనమే వెనుక డిరెయిలరు. దానిలో రెండు చిన్న పళ్ళచక్రాలు, ఒక సమాంతర చతుర్భుజం ఆకారపు చట్రం, స్ప్రింగులు ఉంటవి. మీట నొక్కితే తొడుగులోని ఉక్కుతీగ బిగుసుకొని ఆ చట్రాన్ని ప్రక్కకు లాగుతుంది. పై చిన్నచక్రం గొలుసును ప్రక్క పళ్ళచక్రం క్రిందికి జరుపుతుంది. క్రింది చిన్నచక్రం, గొలుసులో మిగిలిన వదులును ఎప్పటికప్పుడు లాగి ఉంచుతుంది. పళ్ళచక్రాల ప్రక్కలను చూస్తే అక్కడక్కడ సన్నని గాడులు, కొంచెం పొట్టిగా చెక్కిన పళ్ళు కనిపిస్తవి. అవి అరిగిపోయిన గుర్తులు కావు. గొలుసు మెట్లెక్కినట్లు ఎక్కడానికి చేసిన ఏర్పాట్లు.

దీనినిబట్టి మూడు సంగతులు తేలుతవి. మొదటిది, గొలుసు కదులుతుంటేనే ఒక చక్రంమీదినుంచి మరొకదానికి పోగలదు. సైకిలు ఆగి ఉన్నప్పుడు మీట నొక్కితే తీగ మాత్రమే లాగుకొంటుంది. మోటారుసైకిలు అలవాటు ఉన్నవారు ఇక్కడ పొరబడతారు. రెండవది, గొలుసులో పై భాగమే కాలి బలాన్ని మోస్తుంది. క్రింది భాగం వదులుగా ఉంటుంది. వెనుక డిరెయిలరు ఆ వదులు భాగాన్ని జరుపుతుంది కనుక దానికి పని సులువు. ముందు డిరెయిలరు మాత్రం బిగువుగా ఉన్న పై భాగాన్నే ప్రక్కకు తొయ్యాలి. అందువల్ల ముందు చక్రం మార్చేటప్పుడు కాలి బలాన్ని ఇంకా ఎక్కువగా సడలించాలి. మూడవది, ఎంత మంచి సాధనమైనా బలంగా లాగబడుతున్న గొలుసును నెమ్మదిగా జరుపలేదు. మిట్ట నడుమ, ఒంటి బరువుతో తొక్కుతూ మార్చేవారి గొలుసు జారడానికి కారణం ఇదే.

అలవాటు చేసుకొనే క్రమం

క్రొత్త సైకిలు ఇంటికి వచ్చిన మొదటి రోజులలో వాహనాలు తిరగని చదును రోడ్డుమీద, లేదా పాఠశాల మైదానంలో సాధన చేయడం మంచిది. హైదరాబాదువారికి ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన, సౌరఫలకాల కప్పుతో 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు బాట ఉన్నది. గోదావరి డెల్టాలోని కాలువగట్లమీద పెరిగినవారికి ఒకే గేరు చాలుననిపించడం సహజం. దక్కను పీఠభూమిమీద ప్రతి రెండు ఫర్లాంగులకు నేల లేచి పడుతుంది. అక్కడ గేర్ల అవసరం వెంటనే తెలుస్తుంది.

మొదట మీటలను గుర్తుపట్టాలి. సాధారణంగా కుడిచేతి మీట వెనుక చక్రాలకు, ఎడమచేతి మీట ముందు చక్రాలకు. పైన చెప్పిన రకం బైకులో ప్రతి చేతికీ ఒక పెద్ద మీట, దాని వెనుక ఒక చిన్న మీట ఉంటవి. బ్రేకుమీటనే లోపలికి ప్రక్కగా నొక్కితే అది పెద్ద మీట. దీనికి ఒక సులభమైన గుర్తు ఉన్నది. ఏ చేతిలోనైనా పెద్ద మీట గొలుసును పెద్ద చక్రంమీదికి ఎక్కిస్తుంది, చిన్న మీట చిన్న చక్రంమీదికి దించుతుంది. కనుక కుడి పెద్ద మీట నొక్కితే తొక్కుడు తేలికవుతుంది, ఎడమ పెద్ద మీట నొక్కితే బరువెక్కుతుంది. ఇతర కంపెనీల మీటల అమరిక వేరుగా ఉండవచ్చు. కొన్నచోటనే చూపించమని అడగాలి.

మొదటి వారం ముందు చక్రాన్ని కదిలించక, వెనుక చక్రాలతోనే సాధన చేయాలి. తొక్కుతూనే, ఒక అరచుట్టుసేపు కాలి బలాన్ని సడలించి, మీటను ఒక్కసారి నొక్కి, గొలుసు కూర్చున్న చప్పుడు విన్నాక తిరిగి బలం వేయాలి. ఒక్కొక్క చక్రం మారినప్పుడు గేరు నిష్పత్తి సుమారు 10 నుంచి 18 శాతం వరకు మారుతుంది. ఆ మార్పు కాళ్ళకు ఎట్లా తెలుస్తున్నదో గమనించాలి.

తరువాత లయను కొలుచుకోవాలి. కుడికాలు క్రిందికి దిగిన ప్రతిసారీ ఒకటి చొప్పున 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో తెలుస్తుంది. 20 సార్లు దిగితే 80 చుట్లు. 50, 19 పళ్ళ గేరులో ఈ లయతో పోతే వేగం గంటకు 26 కిలోమీటర్లు దాటుతుంది. క్రొత్తవారికి 70 చుట్లైనా చాలు. ఆ లయ తగ్గుతున్నదనిపించగానే తేలిక గేరుకు, కాళ్ళు ఊరికే తిరుగుతున్నవనిపిస్తే బరువు గేరుకు మార్చాలి. మీటలను చూడవలసిన పని లేదు. రోడ్డును చూడాలి.

రెండవ వారం ముందు చక్రాన్ని మార్చడం నేర్చుకోవాలి. 50 నుంచి 34కు దించితే గేరు ఒక్కసారిగా మూడవ వంతు తేలికవుతుంది. కాళ్ళు గిర్రున తిరిగి తూలినట్లవుతుంది. అందువల్ల ముందు చక్రం దించిన వెంటనే వెనుక రెండు చక్రాలు బరువువైపు మార్చాలి. ఉదాహరణకు 50, 21తో పోతూ మిట్ట కనబడితే 34, 17కు రావాలి. నిష్పత్తి 2.38 నుంచి 2కు చల్లగా దిగుతుంది. మిట్ట పెరిగేకొద్దీ వెనుక 19, 21, 24, 28 ఉండనే ఉన్నవి.

మూడవ పాఠం ముందుచూపు. మిట్ట మొదలయ్యే ముందే, పెడళ్ళు ఇంకా తేలికగా తిరుగుతున్నప్పుడే, ముందు చక్రాన్ని దించాలి. కూడలిలో ఎర్రదీపం దూరంనుంచి కనిపించగానే రెండు మూడు గేర్లు తేలిక చేసుకొని ఆగాలి. బరువు గేరులో ఆగినవాడు దీపం పచ్చగా మారినప్పుడు ఊగిసలాడుతూ బయలుదేరుతాడు. వెనుక బస్సు ఉన్నప్పుడు ఆ రెండు క్షణాల తడబాటు ప్రాణంమీదికి తేవచ్చు. ఆలస్యమై మిట్టలో చిక్కుకొంటే, రెండు చుట్లు గట్టిగా తొక్కి కొంచెం వేగం సంపాదించి, వెంటనే బలం సడలించి ఒక్క గేరు మార్చాలి. అదీ కాకపోతే రోడ్డు అంచున దిగి, వెనుక చక్రాన్ని పైకెత్తి, చేతితో పెడలు తిప్పి మార్చుకోవాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

గొలుసును ముందు పెద్దచక్రం, వెనుక పెద్దచక్రంమీద ఒకేసారి ఉంచరాదు. రెండు చిన్నచక్రాలమీద కూడా అంతే. అప్పుడు గొలుసు ఐమూలగా లాగుకొని, చప్పుడు చేస్తూ, త్వరగా అరుగుతుంది. ఆ గేర్లకు సమానమైనవి నడిమి చక్రాలలో దొరుకుతవని పైన చూసినాము.

కొన్ని జాగ్రత్తలు

క్రొత్త సైకిలు కొద్ది వారాలకే గేర్లు సరిగా పడడం మానితే కంగారు పడరాదు. తీగలు, వాటి తొడుగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకొని కొంచెం వదులవుతవి. డిరెయిలరు దగ్గర తీగ చివరనున్న చిన్న మరను పావుచుట్టు చొప్పున త్రిప్పి బిగువు సవరించవచ్చు. డిరెయిలరు ఎంతవరకు జరగవచ్చునో నిర్ణయించే రెండు హద్దు మరలను మాత్రం తెలియక కదిలించరాదు. హద్దు తప్పితే గొలుసు లోపలివైపు జారి స్పోకులలో ఇరుక్కొంటుంది.

సైకిలు కుడివైపు పడితే, డిరెయిలరును మోసే లోహపు కొక్కెం వంగవచ్చు. బయటికి ఏమీ కనబడదు. కాని తరువాత అన్నిటికంటె తేలిక గేరుకు మార్చినప్పుడు డిరెయిలరు తిరిగే స్పోకులను తాకి, చక్రం ఒక్కసారిగా బిగుసుకొనిపోవచ్చు. కనుక పడిన సైకిలును ఎక్కేముందు వెనుకనుంచి చూసి, డిరెయిలరు నిటారుగా ఉన్నదో లేదో పరీక్షించాలి. చున్నీ, పాంటు అంచు గొలుసుకు దూరంగా ఉండేటట్లు చూసుకోవాలి.

తరగతిలో రెండు ప్రయోగాలు

గేర్ల సైకిలు ఒకటి పాఠశాలలో ఉంటే ఉపాధ్యాయులు యాంత్రిక లాభాన్ని నల్లబల్లమీద కాక నేలమీద చూపించవచ్చు.

మొదటిది. టైరు నేలను తాకేచోట టైరుమీద, నేలమీద సుద్దగీత గీయాలి. ఒక విద్యార్థి సైకిలును నిటారుగా పట్టుకొని నడిపిస్తుండగా, మరొకరు పెడలును చేతితో సరిగ్గా ఒక చుట్టు తిప్పాలి. సైకిలు కదిలిన దూరాన్ని టేపుతో కొలిచి, పళ్ళు లెక్కించి వేసిన లెక్కతో పోల్చాలి. నాలుగైదు గేర్లలో చేసి పట్టిక వ్రాస్తే, పదహారు గేర్లలో జంటలుగా సమానమైనవి ఏవో విద్యార్థులే కనుగొంటారు.

రెండవది. సైకిలును నిలిపి పట్టుకొని, వెనుక చక్రాన్ని నేలనుంచి లేపి ఉంచాలి. పెడలును ముందువైపు అడ్డంగా ఉంచి, దానికి 5 కిలోల బరువు వ్రేలాడదీయాలి. వెనుక రిమ్ముకు ఒక స్ప్రింగు త్రాసును కట్టి, చక్రం తిరగకుండా, రిమ్ముకు స్పర్శరేఖగా లాగి పట్టాలి. 34, 28 గేరులో త్రాసు 2 కిలోలకు కొంచెం పైన చూపుతుంది. 50, 11 గేరులో అర కిలోకు కొంచెం పైన మాత్రమే చూపుతుంది. చేతివ్రేళ్ళు గొలుసుకు, స్పోకులకు దూరంగా ఉండాలి.

ఈ ప్రయోగంలో చురుకైన విద్యార్థి ఒక ప్రశ్న వేయవచ్చు. అన్నిటికంటె తేలిక గేరులో కూడా 5 కిలోల బలం వేస్తే చక్రం దగ్గర అందులో సగమైనా చేరడం లేదు; మరి ఇది ఎటువంటి యంత్రం? గునపం, కప్పీల వ్యవస్థ తక్కువ బలాన్ని ఎక్కువ చేసే యంత్రాలు. సైకిలు వాటికి తలక్రిందులు. అది ఎక్కువ బలాన్ని తీసుకొని తక్కువ బలం ఇస్తుంది, కాని దానికి బదులుగా ఎక్కువ దూరం ఇస్తుంది. పెడలు ఒక మీటరు చిల్లర తిరిగితే సైకిలు రెండున్నర నుంచి తొమ్మిదిన్నర మీటర్లు పోతుంది. ఎంత బలాన్ని ఎంత దూరంగా మార్చుకోవాలో, ఏ మిట్టమీద ఏ బేరం లాభమో నిర్ణయించుకొనే స్వేచ్ఛను గేర్లు తొక్కేవాని చేతికి ఇచ్చినవి. కొద్ది వారాల సాధనతో ఆ బేరాన్ని కాళ్ళే చూసుకొంటవి. మనసు రోడ్డుమీద ఉంటుంది.